ఓడిపోయేవాళ్ళకే పిలుపు

ఆ ఏడాది ఆటల పట్టిక చేతికి రాగానే ఐడలీన్ ప్రూయిట్‌కి ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి! ఏకంగా నాలుగు హోమ్‌కమింగులు.

హోమ్‌కమింగ్ అంటే కాలేజీ పాత విద్యార్థులందరూ పెళ్ళాం పిల్లలతో తిరిగొచ్చే శనివారం. ఊరేగింపులు, బాండు మేళాలు, తలమీద కిరీటాలు పెట్టుకున్న అమ్మాయిలు, ఆ హంగామా అంతా ఇంతా కాదు. సాయంత్రం ఫుట్‌బాల్ ఆట. ఆ ఆటలో ఇంటివాళ్ళు ఓడిపోయారంటే పండగపూట ఇంట్లో ఏడుపు మొదలైనట్టే. అందుకని ఏం చేస్తారంటే, ఆ రోజుకి ఏరి ఏరి, ఖాయంగా ఓడిపోయే జట్టుని పెట్టుకుంటారు. టెక్సస్‌లో మిమ్మల్ని ఎవరైనా తమ హోమ్‌కమింగ్ ఆటకి పిలిచారంటే మర్యాద చేశారని మురిసిపోకండి. మీ మొహం మీద ఉమ్మేసి, పైగా తుడుచుకోవడానికి రుమాలు ఇచ్చారన్నమాట.

"నాలుగా, కోచ్?" అంది ఐడలీన్.

"నాలుగే మేడం," అన్నాడు లమార్ గ్యాన్స్. టార్బెట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకి కోచ్ ఆయన, ఐడలీన్ ఆ యూనివర్సిటీకి ప్రెసిడెంటు. "ఐదోది కూడా తగిలేదే. ఆ శనివారం వాళ్ళ స్టేడియంలో ఏదో పాటల కచేరీ ఉందట, బతికిపోయాం."

"మరి మన హోమ్‌కమింగ్?"

"మనది మామూలే. ఏప్రిల్‌లో. తెల్లచొక్కాలు ఒక పక్క, ఊదాచొక్కాలు ఒక పక్క."

ఐడలీన్ పట్టికని బల్లమీదకి విసిరేసింది. టార్బెట్ వాళ్ళ హోమ్‌కమింగ్ ముచ్చట చెప్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. కచ్చితంగా ఓడిస్తామని నమ్మకం ఉన్న జట్టు వాళ్ళకి ఏనాడూ దొరకలేదు. అందుకని తమ జట్టునే రెండుగా చీల్చి, తమతో తామే ఆడుకుంటారు. ఎవరు గెలిచినా గెలిచింది టార్బెట్ వాళ్ళే కదా! పాత విద్యార్థులు సంతోషంగా చప్పట్లు కొట్టి, ఊదారంగు టోపీలు కొనుక్కుని ఇళ్ళకి పోతారు.

క్రాస్ టింబర్స్ కాన్ఫరెన్స్ అంటే ఏటా ఒకరితో ఒకరు ఆడుకునే పది యూనివర్సిటీల కూటమి. తొమ్మిది ప్రభుత్వానివి, ఒక్కోదాంట్లో ముప్ఫై వేలో నలభై వేలో విద్యార్థులు. పదోది టార్బెట్. గొర్రెలు కాసుకుంటూ బోధ చేసుకునే ఒక పాదిరి తన మేతభూమిలో కట్టిన బడి అది. మూడు వేలమంది పిల్లలు, ఒక గంటస్తంభం, ఫీజుల మీదా దాతల దయ మీదా నడిచే సంసారం. ఆ పాదిరి పుణ్యమా అని జట్టుకి 'కాపరులు' అని పేరు పడింది. ఇక ఊరుకుంటారా ఎదుటివాళ్ళు? టార్బెట్ జట్టు మైదానంలోకి రాగానే స్టేడియం మొత్తం "మే... మే... మే..." అని అరుస్తుంది. పెద్ద పెద్ద లాయర్లు, పళ్ళ డాక్టర్లు, మనవల్ని ఎత్తుకున్న తాతలు, అందరూ గొర్రెలైపోతారు. ఐడలీన్ ఒకప్పుడు ఆ కాలేజీ బాండులో క్లారినెట్ వాయించేది. పంతొమ్మిదేళ్ళ పిల్లగా ఆ అరుపు మధ్య నిలబడి వాయించింది. ఇప్పుడు అరవై దాటినా ఆ 'మే' చెవుల్లోంచి పోలేదు.

పోనీ, ఓడిపోవడమూ వెక్కిరింతా ఎప్పుడూ ఉన్నవే. ఈ ఏడాది వచ్చిపడింది వేరే ముప్పు. టార్బెట్‌ని కాన్ఫరెన్స్‌లోంచి తీసెయ్యాలని డిసెంబరులో ఓటు పెడుతున్నారు. టీవీ వాళ్ళు తేల్చి చెప్పారట, టార్బెట్ ఆట ఎవరూ చూడరని. టార్బెట్ పోతే ఆ చోట్లో తూర్పు తీరం నుంచి ఒక బ్రహ్మాండమైన యూనివర్సిటీని తెచ్చి కూర్చోబెట్టొచ్చని, అప్పుడు టీవీ డబ్బు అందరికీ పెరుగుతుందని. కాన్ఫరెన్స్ పోతే టార్బెట్‌తో ఆడేవాడుండడు. ఆడేవాడు లేకపోతే జట్టుండదు. ఆ జట్టులో ఆడి, ఆ స్కాలర్‌షిప్పు మీద చదువుకుంటున్న ఎనభైమంది కుర్రాళ్ళు మూటాముల్లె సర్దుకోవాల్సిందే.

ఒక్కటే ఆశ. సభ్యుణ్ణి బయటికి పంపాలంటే మిగతా తొమ్మిదిమందీ చేతులెత్తాలి. ఒక్క చెయ్యి లేవకపోయినా చాలు. ఆ ఒక్క చెయ్యి తన దగ్గరుందని ఐడలీన్ ధైర్యం. అది రెడ్ ఫోర్క్ స్టేట్ ప్రెసిడెంటు వెండెల్ స్ట్రౌడ్‌ది.

వెండెల్ మొదట టార్బెట్‌లోనే పాఠాలు చెప్పాడు, ఐడలీన్ పక్క గదిలో. ఐడలీన్ వాళ్ళింట్లో అతను తిన్న తిండికి లెక్కలేదు. ఇక రెడ్ ఫోర్క్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒకప్పుడది పంతుళ్ళని తయారుచేసే చిన్న బడి. కాన్ఫరెన్స్‌లో చేర్చుకోమని వస్తే పెద్దవాళ్ళంతా ముక్కు చిట్లించారు. అప్పటి టార్బెట్ ప్రెసిడెంటు లేచి, "వాళ్ళని తీసుకోకపోతే మేమూ పోతాం" అన్నాడు. అలా లోపలికొచ్చింది రెడ్ ఫోర్క్.

అక్టోబరులో ఆ రెడ్ ఫోర్క్ హోమ్‌కమింగ్‌కే వెళ్ళింది టార్బెట్.

స్టేడియం బయట కార్ల మధ్య పొయ్యిలు మండుతున్నాయి. మామూలు శనివారాల్లో అక్కడ కాలేది గొడ్డుమాంసం. టార్బెట్ వచ్చిన రోజు మాత్రం గొర్రెమాంసమే కాల్చాలి, అది ఆచారం. ఎర్ర చొక్కా వేసుకున్న ఒక ముసలాయన పట్టకారుతో ఒక ఎముక పైకెత్తాడు.

"రావమ్మా కాపరమ్మా! మీ మందలోదే, లేతగా ఉంది. రుచి చూడు!"

చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. ఐడలీన్ కూడా పళ్ళికిలించి ఆ ముక్క తీసుకుంది. ప్రెసిడెంటు హోదాలో మొహం మాడ్చుకుంటే బాగుండదు కదా. తీరా చూస్తే మాంసం నిజంగానే బాగుంది, దాంతో ఆమెకి ఇంకా మండింది.

పైన అద్దాల గదిలో వెండెల్ చేతులు చాపుకుని ఎదురొచ్చాడు. "ఐడీ! ఎన్నాళ్ళైందే చూసి! దారిలో ఏమైనా తిన్నావా?"

"ఆ, మీవాళ్ళు పెట్టారు. మా బంధువుల్నే కాల్చిపెట్టారు."

"ఛ, వాళ్ళ మాటలు పట్టించుకుంటావా? సరదా."

"సరదానే. వినేవాళ్ళకి తప్ప అందరికీ సరదానే."

ఆట మొదలైంది. కాపరులు మైదానంలోకి పరిగెత్తారు, యాభై వేల నోళ్ళు ఒక్కసారిగా "మే..." అన్నాయి. గదిలో వెండెల్ భార్య కూడా చేతులు నోటికి అడ్డం పెట్టుకుని చిన్నగా అంది. ఐడలీన్ అది తన కంట పడనట్టే తల తిప్పుకుంది. ఆట ముగిసేసరికి టార్బెట్ మామూలుగా చిత్తుగా ఓడింది. రెడ్ ఫోర్క్‌కి అది ఆరో గెలుపు. ఆరు గెలిస్తే చాలు, ఏడాది చివర పండగ ఆటకి పిలుపొస్తుంది, కోచ్ ఉద్యోగం నిలబడుతుంది, దాతలు చెక్కుబుక్కులు తీస్తారు.

"ఆరోది!" అని వెండెల్ గంతేశాడు. "మా కోచ్ గండం గట్టెక్కాడు ఐడీ!"

"మేం గట్టెక్కించాం అను."

"అనకేం, అంటాను! మీ రుణం మేం తీర్చుకోలేం."

"అయితే డిసెంబరు మాటేంటి వెండెల్?"

వెండెల్ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "పిచ్చిదానా! నేనుండగా నీకెందుకే బెంగ? నా చెయ్యి లేస్తే కదా వాళ్ళు నిన్ను పంపించేది!"

బస్సుల దగ్గర కోచ్ గ్యాన్స్ మోకాలికి ఐసు కట్టుకున్న కుర్రాణ్ణి ఎక్కిస్తూ కనిపించాడు. "ఏమన్నాడు మేడం మీ ఫ్రెండు?" అని అడిగాడు. ఐడలీన్ చెప్పింది. "మంచిదే," అన్నాడు గ్యాన్స్. "ఆయన చెయ్యి మీద మనవాళ్ళు ఇంతమంది కూర్చున్నారని గుర్తుంటే చాలు."

డిసెంబరులో డాలస్ విమానాశ్రయం పక్కన ఒక హోటల్లో సమావేశం. పొడవాటి బల్ల, పదిమంది ప్రెసిడెంట్లు. చివరి కుర్చీ టార్బెట్‌ది, దాని పక్కది రెడ్ ఫోర్క్‌ది. కాన్ఫరెన్స్ కమిషనర్ ప్రెస్టన్ వీల్ గారి నోట్లోంచి తేనె కారుతోంది.

"టార్బెట్ అంటే మనందరికీ ప్రాణం," అన్నాడాయన. "మన చరిత్ర, మన పునాది. అయితే రోజులు మారాయి. ఇప్పుడు మనం విలువ గురించి మాట్లాడుకోవాలి."

విలువ గురించి మాట్లాడ్డానికి ఒక సలహాదారుణ్ణి పిలిపించారు. బిగుతు కోటు వేసుకున్న ఆ పెద్దమనిషి గోడమీద రంగు బొమ్మలు చూపించాడు. ఒక్కో యూనివర్సిటీకీ ఒక్కో నిలువు గీత. కొన్ని తాటిచెట్టంత ఉన్నాయి, కొన్ని కొబ్బరిచెట్టంత. టార్బెట్ దగ్గర గీతే లేదు, పేరు మాత్రం ఉంది.

"మా గీత ఏది నాయనా?" అంది ఐడలీన్.

"ఉందండీ. ఈ కొలతలో కనబడనంత చిన్నది."

బల్ల చుట్టూ ఎవరో కిసుక్కుమన్నారు. ఐడలీన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి నిలబడింది. రాసుకొచ్చిన ఉపన్యాసం సంచిలోనే ఉండిపోయింది.

"వీల్ గారూ, నాదొక చిన్న సందేహం. కిందటేడు మీరు పేపర్లో గొప్పగా వేయించుకున్నారు, మన కాన్ఫరెన్స్ ఆటగాళ్ళు చదువులో కూడా ముందున్నారని. ఆ సగటుని పైకి లాగింది ఎవరు? మా పిల్లలు కాదా? అప్పుడు కనబడిన గీత ఇప్పుడెలా మాయమైంది? పోనీ అదీ వదిలెయ్యండి. గెలుపుల మాటే మాట్లాడదాం. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఎవరెవరి కోచ్‌లు మా మీద గెలిచిన గెలుపుతో ఉద్యోగం నిలబెట్టుకున్నారో చేతులెత్తమనండి చూద్దాం. మీ హోమ్‌కమింగుల్లో మీ మనవళ్ళు నవ్వుతూ ఇంటికెళ్ళారంటే ఎవరి మూలాన? మీరంతా గెలవాలంటే ఎవరో ఒకరు ఓడిపోవాలిగా! ఇన్నేళ్ళూ ఆ చాకిరీ మేం చేశాం. వెక్కిరించారు, భరించాం. గొర్రెమాంసం పెట్టారు, తిన్నాం. ఇవాళ పని తీరిపోయి కూరలో కరివేపాకులా తీసి పక్కన పెడుతున్నారా?"

"డాక్టర్ ప్రూయిట్, మీ ఆవేదన మాకు అర్థమవుతోంది..." అన్నాడు వీల్ గారు.

"ఏం అర్థమైంది మీ మొహం! ఇంకా అయిపోలేదు, వినండి." బల్లమీద అరచెయ్యి వేసింది. "ఈ బల్లకి ఒక చివరుంది. ఆ చివర నేను కూర్చున్నాను. నన్ను లేపేస్తే బల్లకి చివర లేకుండా పోతుందనుకుంటున్నారేమో. పోదు. నా పక్కనున్నవాళ్ళు చివరైపోతారు, అంతే. ఆ వచ్చే కొత్త ఏనుగు మీ దగ్గర ఓడిపోవడానికి రావట్లేదు. చెయ్యెత్తే ముందు ఒక్కసారి అటూ ఇటూ చూసుకోండి, నా తర్వాత ఎవరా అని."

ఒకరిద్దరు నిజంగానే పక్కకి చూసుకున్నారు. తర్వాత ఎవరికి వాళ్ళు మనం కాదులే అనుకున్నట్టున్నారు, మొహాలు తేటపడ్డాయి.

ఓటు మొదలైంది. చేతులు ఒక్కొక్కటే లేచాయి. ఎనిమిది చేతులు లేచి నిలబడ్డాయి. ఐడలీన్ వెండెల్ వైపు చూడలేదు, చూస్తే అనుమానించినట్టుంటుందని. ఎదురుగా ఉన్న కిటికీలోంచి ఎగిరిపోతున్న విమానాన్ని చూస్తూ కూర్చుంది. పక్క కుర్చీలో కోటు గుడ్డ రాసుకున్న చప్పుడైంది.

వెండెల్ చెయ్యి మోచెయ్యి దాకానే లేచింది. కళ్ళు మంచినీళ్ళ గ్లాసు మీదున్నాయి. కానీ వీల్ గారు ఆ సగం చేతిని పూర్తి చెయ్యిగానే లెక్కపెట్టుకున్నాడు.

వరండాలో వెండెల్ వెనకాలే పరిగెత్తుకొచ్చాడు. "ఐడీ, ఆగు. మా బోర్డు పీక మీద కూర్చుంది. అంత టీవీ డబ్బు కాదనుకుంటే నన్ను ఇంటికి పంపేస్తామన్నారు. నా చోట్లో నువ్వున్నా ఇదే చేసేదానివి."

"నీ చోటా?" ఐడలీన్ గిర్రున తిరిగింది. "నీకా చోటు ఎలా వచ్చింది వెండెల్? మావాడు లేచి నిలబడి, మీకోసం మేమూ పోతామంటే వచ్చింది. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళుంటారని విన్నాను. నువ్వు ఏటి మధ్యలోనే తగలేశావు!"

"అంత మాటనకే..."

"అంటాను. ఎత్తితే పూర్తిగానైనా ఎత్తాల్సింది. ఆ సగం చెయ్యి ఏంటి, సిగ్గులేకపోతే సరి!"

ఇంటికి వెళ్ళే దారంతా ఆమె కారు అద్దం దించుకునే నడిపింది. ఆ చలిలో కూడా మొహం మండుతూనే ఉంది. కోచ్‌కి చెప్పాలి, ఆ కుర్రాళ్ళకి చెప్పాలి. తమని ఓటు వేసి పంపేశారని కాదు, స్నేహితుణ్ణి నమ్మి తనే మోసపోయానని చెప్పాలి.

చెప్పింది. గ్యాన్స్ తిట్టలేదు, నిట్టూర్చలేదు. "అయితే ఫోన్లు మొదలెడదాం మేడం," అన్నాడు.

ఆ తర్వాత రెండేళ్ళు టార్బెట్ పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. ఆడేవాళ్ళని వెతుక్కుంటూ లూసియానా చివరికీ న్యూమెక్సికో ఎడారికీ బస్సుల్లో పోయారు. సగంమంది కుర్రాళ్ళు వేరే కాలేజీలకి వెళ్ళిపోయారు. ఐడలీన్ దాతల ఇళ్ళ గడపలు అరిగేలా తిరిగింది. "ఇంకా ఆ ఫుట్‌బాల్ ఎందుకమ్మా?" అన్నవాళ్ళకల్లా, "మేం ఓడిపోతున్నామని ఎవరూ బాధపడకండి, మేం మానేస్తేనే బాధపడండి" అని సమాధానం చెప్పింది. కానీ ఒక విచిత్రం జరిగింది. తమలాంటి చిన్నవాళ్ళతో ఆడుతూ ఆడుతూ కాపరులు గెలవడం మొదలుపెట్టారు. మొదట ఒకటి, తర్వాత మూడు, రెండో ఏడాది చివరికి ఓటములకన్నా గెలుపులే ఎక్కువ. ఊళ్ళో మంగలి షాపులో మళ్ళీ ఫుట్‌బాల్ మాటలు వినబడ్డాయి.

ఆ వసంతంలో ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. అవతల వెండెల్. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు!

"ఐడీ, బాగున్నావా? మీ వైపు వానలెలా ఉన్నాయి?"

"పడుతున్నాయి, ఎండిపోతున్నాయి. సంగతేంటో చెప్పు."

వెండెల్ గబగబా అనేశాడు. "ఈ ఏడు మమ్మల్ని ఐదు హోమ్‌కమింగులకి పెట్టుకున్నారు."

"ఐదా!" అంది ఐడలీన్. "మా రికార్డు నాలుగే. కొట్టేశారే!"

"నవ్వకు, నీకు పుణ్యముంటుంది. కాన్ఫరెన్స్‌లో ఒక్క ఆట గెలిచి ఏడాదిన్నరైంది. ఆ కొత్తవాళ్ళు మమ్మల్ని తొక్కి నారతీశారు. పైగా, ఏమంటున్నారో తెలుసా? మేం మైదానంలోకి రాగానే 'మే' అని అరుస్తున్నారు! మేం దున్నలం ఐడీ! మా చొక్కాల మీద దున్నపోతు బొమ్మ ఉంది! ఏ దున్న అయినా 'మే' అంటుందా? నోళ్ళకి అలవాటైపోయి అదే అరుస్తున్నారు. కిందటేడు మా ఆవిడ చెవులు మూసుకుంది."

ఐడలీన్‌కి ఒక్క క్షణం జాలేసింది. ఆ వెంటనే ఆ జాలి మీదే కోపమొచ్చింది. అద్దాల గదిలో చేతులు అడ్డం పెట్టుకుని చిన్నగా 'మే' అన్న ఆవిడే కదా! అప్పుడు ఐడలీన్‌కీ రెండు చెవులున్నాయని ఆ మహాతల్లికి తోచనే లేదు.

"దానికి నన్నేం చెయ్యమంటావు?" అంది.

"మా హోమ్‌కమింగ్‌కి మీరు రండి. పాతరోజుల్లోలాగా. చెక్కు పెద్దదే ఇస్తాం. బస్సులు, భోజనాలు, అన్నీ మావే."

"భోజనంలోకి గొర్రెమాంసమేనా?"

వెండెల్ మళ్ళీ చెక్కు మాట ఎత్తబోయాడు.

"మేం రాం వెండెల్. మీ పండక్కి ఓడిపోయి పెట్టే ఉద్యోగం నుంచి మమ్మల్ని మీరే తీసేశారు, నువ్వే చెయ్యెత్తావు. సగమే అనుకో. కావాలంటే మీరు రండి ఇక్కడికి. అక్టోబరులో, మా హోమ్‌కమింగ్‌కి."

"మీ హోమ్‌కమింగా?" వెండెల్ గొంతు అయోమయంగా ఉంది. "మీ హోమ్‌కమింగ్‌లో మీలో మీరే కదా ఆడుకునేది?"

"ఇన్నాళ్ళూ అంతే. మా చేతిలో ఓడిపోయేవాళ్ళు దొరక్క."

ఆ మాటకి అర్థం వెండెల్‌కి ఒకరు చెప్పనక్కర్లేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ శనివారాల మధ్య పెరిగినవాడే. కాదని ఫోన్ పెట్టేద్దామంటే అతని పట్టికలో అక్టోబరులో ఒక శనివారం ఖాళీగా ఉంది, వాళ్ళతో ఆడడానికి వచ్చేవాళ్ళెవరూ లేరు.

"ఏ తారీకు?" అన్నాడు చివరికి.

ఐడలీన్ చెప్పింది. అవతల అతను రాసుకుంటున్న చప్పుడు వినబడింది.

"ఐడీ..." వెండెల్ గొంతు బాగా తగ్గిపోయింది. "మీవాళ్ళు కూడా అరుస్తారా?"

"ఏమో వెండెల్," అంది ఐడలీన్. "మాకు ఇన్నాళ్ళూ వినడమే వచ్చు. అరవడం వచ్చో రాదో మీరొచ్చాక చూసుకోవాలి."